గ్యాస్ డ్రయ్యర్: మొదటిసారి మంట వస్తుంది, తర్వాత చల్లగాలే

తడిబట్టలు:
అందరికీ నమస్కారం. నాది తొమ్మిదేళ్ల గ్యాస్ డ్రయ్యర్, పైపులో వచ్చే సహజవాయువుతో నడుస్తుంది. వారం రోజులుగా దానికి పిచ్చి పట్టినట్టుంది. ఆన్ చేయగానే వేడి బాగానే వస్తుంది. ఓ పది నిమిషాలయ్యాక తలుపు తీసి చెయ్యి పెడితే చల్లగాలి. డ్రమ్ తిరుగుతూనే ఉంటుంది, మోటార్ శబ్దంలో తేడా లేదు. గంట తిప్పినా జీన్స్ నడుము దగ్గర తడి ఆరదు. అరగంట ఆపేసి మళ్లీ పెడితే మొదటి పది నిమిషాలు మళ్లీ వేడి, ఆ తర్వాత మళ్లీ అదే కథ.

నూగు జల్లెడ ప్రతిసారీ శుభ్రం చేస్తాను. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, చూడకుండానే "గ్యాస్ వాల్వ్ మొత్తం మార్చాలి" అన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు వింటే కొత్త మెషీనే కొనుక్కోవచ్చు అనిపించింది. నిజంగా వాల్వేనా? ఇంట్లో మల్టీమీటర్ ఉంది, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు. అంతకుమించి అనుభవం లేదు.

గబగబా:
ఇగ్నైటర్ (ఎర్రగా కాలి మంట అంటించే ముక్క) పోయింది. మాకూ ఇంతే, మార్చగానే సరిపోయింది. ఆర్డర్ పెట్టేయండి.

పాతపానా:
గబగబా గారూ, పేరుకు తగ్గట్టే ఉంది మీ సలహా. పోయిన ఇగ్నైటర్ అరగంట విశ్రాంతి తీసుకుని మళ్లీ వెలగదండీ. అది విరిగిందంటే విరిగిందే.

తడిబట్టలు గారూ, ఏమీ కొనకండి. ముందు మంటను చూడండి. డ్రయ్యర్ బాగుచేసేవాళ్లలో సగం మంది చేయని పని ఇదే. మీ మోడల్‌ని బట్టి ముందువైపు కింద చిన్న మూత ఉంటుంది, లేదా కింది పలక మొత్తం ఊడి వస్తుంది. ఊడదీసేటప్పుడు ప్లగ్ పీకేయండి. తర్వాత ప్లగ్ పెట్టి, గదిలో లైటు ఆర్పి, రెండడుగుల దూరంలో కూర్చుని చూడండి. లోపల బెల్టు తిరుగుతుంటుంది, కరెంటు వైర్లు బయటికి ఉంటాయి. చెయ్యి లోపలికి వెళ్లకూడదు, పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. ముందు పలక మొత్తం తీస్తేగానీ బర్నర్ కనిపించని రకమైతే, డ్రమ్‌కి ముందు ఆధారం ఆ పలకే అయ్యుండొచ్చు. అలాంటిదాన్ని పలక లేకుండా నడపకండి, నాకు చెప్పండి, వేరే దారి చూద్దాం.

చూడాల్సింది ఏమిటంటే: ఇగ్నైటర్ ఎర్రబడిందా, ఎన్ని సెకన్లకు? టక్‌మన్న శబ్దం వచ్చిందా? ఇగ్నైటర్ ఆరిపోయినప్పుడు మంట వచ్చిందా, రాలేదా? వచ్చిన మంట ఎంతసేపు నిలిచింది? మొదటిసారి ఒక్కటే చూసి లేచిపోకండి. మీ జబ్బు రెండోసారి దగ్గర ఉంది.

మీటర్‌ముల్లు:
దానితోపాటు మంట రంగు కూడా రాయండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, సెకన్లు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

ఇంకో మాట. ఎక్కడైనా గ్యాస్ వాసన వస్తే ఈ పరీక్షలన్నీ అక్కడితో ఆపేయాలి. లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా ఇంట్లో అందరూ బయటికి వెళ్లి, బయట నుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి. తెలిసిందే కదా అనుకోవద్దు. చీకట్లో కూర్చుని చూస్తున్నప్పుడు వాసనొస్తే చెయ్యి మొదట లైటు స్విచ్ మీదికే పోతుంది.

తడిబట్టలు:
చూశాను. నాది కింద చిన్న మూత ఉన్న రకమే, అదృష్టం. వీడియో చూసి రాస్తున్నాను.

మొదటిసారి: ఆన్ చేసిన వెంటనే ఇగ్నైటర్ ఎర్రబడడం మొదలైంది, నారింజ రంగు దాటి దాదాపు తెల్లగా మెరిసింది. 32 సెకన్లకు టక్. వెంటనే నీలం మంట గొట్టం లోపలికి సాగింది. ఇగ్నైటర్ ఆరిపోయింది. మంట ఓ రెండు నిమిషాలు ఉండి ఆగిపోయింది.

రెండోసారి: కాసేపయ్యాక ఇగ్నైటర్ మళ్లీ ఎర్రబడింది, మళ్లీ మంట వచ్చింది. మూడోసారీ వచ్చింది. నాలుగోసారి ఇగ్నైటర్ తెల్లగా మెరిసింది, ఆరిపోయింది, మంట రాలేదు! ఒక నిమిషం తర్వాత మళ్లీ మెరిసింది, మళ్లీ ఆరిపోయింది, మంట లేదు. ఇక అక్కడ్నుంచి అదే వరస. పెళ్లివారింటి దీపాల సీరియల్ సెట్ లాగా వెలగడం, ఆరడం. వాసన ఏమీ రాలేదు.

పాతపానా:
భేష్. ఇంత శుభ్రంగా రాస్తే సగం వైద్యం అయినట్టే.

ఇప్పుడు కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ బర్నర్ పనిచేసే తీరు తెలిస్తే ఇక మీకు మాతో పని ఉండదు. గ్యాస్ దారిలో వరసగా రెండు వాల్వులు ఉంటాయి. రెండూ తెరుచుకుంటేనే గ్యాస్ బర్నర్‌కు చేరుతుంది. వాటిని తెరిచేవి పైన టోపీల్లా కూర్చున్న నల్లటి కాయిళ్లు. ఒకదానికి మూడు కాళ్లు (వైర్లు తగిలించే కొనలు), ఇంకోదానికి రెండు. మూడు కాళ్లదాని లోపల నిజానికి రెండు చుట్లున్నాయి: ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. మంట గొట్టం పక్కన చిన్న సెన్సర్ ఒకటి ఉంటుంది. అది మంటను 'చూసేది' అనుకుంటారు గానీ వేడికి తెరుచుకునే మామూలు స్విచ్ అంతే. చల్లగా ఉంటే మూసి ఉంటుంది, ఎదురుగా ఇగ్నైటర్ భగభగలాడితే తెరుచుకుంటుంది.

ఆన్ చేయగానే కరెంటు పట్టి ఉంచే చుట్టుకు నేరుగా వెళ్తుంది. లాగే చుట్టుకూ ఇగ్నైటర్‌కూ సెన్సర్ గుండా వెళ్తుంది. మొదటి వాల్వ్ తెరుచుకుంటుంది. రెండు కాళ్ల కాయిల్ సెన్సర్ రెండు కొనల మధ్య కలిపి ఉంటుంది కాబట్టి, సెన్సర్ మూసి ఉన్నంతసేపు దాని రెండు చివర్లా ఒకే వోల్టేజీ, అంటే దానిలో కరెంటు లేదు. రెండో వాల్వ్ మూసే ఉంటుంది. ఇగ్నైటర్ తెల్లబడి సెన్సర్ తెరుచుకున్న క్షణంలో కరెంటుకు ఆ కాయిల్ తప్ప వేరే దారి ఉండదు. టక్‌మని రెండో వాల్వ్ తెరుచుకుంటుంది, గ్యాస్ వచ్చి ఇంకా వేడిగా ఉన్న ఇగ్నైటర్‌కు అంటుకుంటుంది. వోల్టేజీ అంతా కాయిలే మింగేస్తుంది కాబట్టి ఇగ్నైటర్ ఆరిపోతుంది. మంట వేడికి సెన్సర్ తెరుచుకునే ఉంటుంది.

దీనిలో నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. మధ్యలో ఎవరో తలుపు తీసి వెంటనే మూశారనుకోండి. మంట ఆరిపోయింది, సెన్సర్ ఇంకా వేడిగా తెరుచుకునే ఉంది. అప్పుడు కరెంటు రాగానే రెండో వాల్వ్ తెరుచుకుని చల్లటి ఇగ్నైటర్ మీదకు గ్యాస్ వదిలేయాలి కదా? వదలదు. ఎందుకంటే పట్టి ఉంచే చుట్టు పేరుకు తగ్గట్టు పట్టి మాత్రమే ఉంచగలదు, మూసుకున్న వాల్వ్‌ను లాగే సత్తా దానికి లేదు. లాగే చుట్టుకు కరెంటు కావాలంటే సెన్సర్ చల్లబడి మూసుకోవాలి. అది మూసుకుంటే ఇగ్నైటర్ కూడా వెలుగుతుంది. ఒక్క సర్క్యూట్ బోర్డు లేకుండా, మూడు చుట్లతో, ఒక స్విచ్‌తో కుదిర్చిన భద్రత ఇది.

ఇక మీ మెషీన్ సంగతి. ఇగ్నైటర్ మెరిసింది, కాబట్టి ఇగ్నైటర్, థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగిపోయేది), థర్మోస్టాట్లు (వేడిని బట్టి కరెంటు ఆపే స్విచ్‌లు) బాగున్నాయి. మెరిశాక ఆరింది, కాబట్టి సెన్సర్ తన పని తాను చేస్తోంది. మొదట్లో మంట వచ్చింది, కాబట్టి గ్యాస్ ఉంది, బర్నర్ రంధ్రం పూడలేదు. వేడెక్కాక మాత్రమే రావట్లేదు. కాయిళ్లు తప్ప ఇంకేం మిగల్లేదు. వాల్వ్ దేహాన్ని ముట్టుకోనక్కర్లేదు.

గబగబా:
సరే, ఒప్పుకుంటున్నా. మా దానిలో అసలు వెలుగే రాలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది.

మీటర్‌ముల్లు:
కొనేముందు కొలిచి చూడండి. ప్లగ్ పీకి, కాయిళ్ల కనెక్టర్లు ఊడదీసి ఓమ్స్‌లో పెట్టండి. చాలా మోడళ్లలో ఈ కాయిళ్లు ఒకేలాంటివి. మూడు కాళ్లదానిలో 1, 2 మధ్య సుమారు 1365, 1, 3 మధ్య సుమారు 560, రెండు కాళ్లదానిలో సుమారు 1220 ఓమ్‌లు రావాలి. పాతిక యాభై అటూ ఇటూ పర్వాలేదు. మీ మోడల్‌కి వేరే అంకెలుంటే మెషీన్ లోపల మడిచి అతికించిన కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం చించి పారేయకండి, చాలామంది చెత్త అనుకుని పారేస్తారు.

తడిబట్టలు:
కాగితం దొరికింది, అంకెలు మీరన్నవే. కొలిస్తే 1362, 561, 1224 వచ్చాయి. అంటే కాయిళ్లు బాగున్నట్టే కదా? మళ్లీ మొదటికొచ్చాం.

వైర్లశాస్త్రి:
అంకెలు సరిగ్గా ఉన్నాయంటే కాయిల్ సరిగ్గా ఉన్నట్టే. మీటర్ అబద్ధం చెప్పదు. వాల్వ్ లోపల కదిలే ముక్క బిగుసుకుపోయి ఉంటుంది. మెకానిక్ చెప్పిందే నిజం. వాల్వ్ మార్పించుకోండి.

పాతపానా:
శాస్త్రి గారూ, మీటర్ అబద్ధం చెప్పదు, నిజమే. మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆయన అడిగింది "చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉన్నావు?" అని. "బాగున్నాను" అంది. జ్వరం రాత్రిపూట వచ్చేవాడికి పొద్దున్నే థర్మామీటర్ పెట్టినట్టు.

కాయిల్ అంటే వెంట్రుకంత సన్నటి తీగను వేల చుట్లు చుట్టింది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ఎక్కడో ఒకచోట పగులు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు ముక్కలూ తాకుతూనే ఉంటాయి. వేడికి సాగగానే విడిపోతాయి. అందుకే మీ మంట పది నిమిషాలు బుద్ధిగా వచ్చి తర్వాత మొండికేస్తోంది.

తడిబట్టలు గారూ, ఒక పని చేయండి. మంట రాకపోవడం మొదలయ్యేదాకా నడపండి. రెండుసార్లు ఇగ్నైటర్ ఖాళీగా మెరిశాక ప్లగ్ పీకి, అప్పటికప్పుడు కొలవండి. ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు. ఇగ్నైటర్‌కూ మంట గొట్టానికీ చెయ్యి తగలనివ్వకండి, కాలుతుంది.

వైర్లశాస్త్రి:
వేడిలో రాగి తీగ రెసిస్టెన్స్ ఎలాగూ పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి చెడిపోయిందనుకుంటే?

మీటర్‌ముల్లు:
పెరుగుతుంది శాస్త్రి గారూ, 50 డిగ్రీలు వేడెక్కితే ఇరవై శాతం దాకా. 1224 కాస్తా 1450 అయితే భయపడక్కర్లేదు. మనం వెతికేది ఆ పెరుగుదల కాదు, ఏకంగా తెగిపోయిందా అని.

నీలిమంట:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మాదానిలో ఇగ్నైటర్ వెలుగుతుంది, ఇక ఆరనే ఆరదు. ఐదు నిమిషాలైనా అలాగే తెల్లగా మెరుస్తూ ఉంటుంది. మంట రాదు. ఇదీ కాయిలేనా?

పాతపానా:
కాదమ్మా. పైన రాసింది ఇంకోసారి చదవండి. ఆరడం లేదంటే సెన్సర్ తెరుచుకోవడం లేదు. దాని కాంటాక్టులు అతుక్కుపోయాయి. సెన్సర్ మార్చాలి, ఒక స్క్రూ, రెండు వైర్లు. ఇలా వదిలేసి నడిపితే ఇగ్నైటర్ కూడా చస్తుంది.

తడిబట్టలు:
అయ్యా! మూడు కాళ్లది రెండు జతలూ కాస్త పెరిగాయి, పర్వాలేదు. రెండు కాళ్లదాని మీద పెడితే మీటర్ ఏమీ చూపించలేదు. తెగిన తీగ మీద పెడితే చూపించే గుర్తు ఉంటుంది చూడండి, అదే. ప్రోబ్‌లు సరిగ్గా తగల్లేదేమోనని నాలుగుసార్లు పెట్టాను. నేలమీద అలాగే కూర్చుని ఐదు నిమిషాలకోసారి కొలిచాను. 20 నిమిషాల తర్వాత ఒక్కసారిగా 1290 చూపించింది. మా ఆవిడ "ఏమిటా నవ్వు" అంది.

వైర్లశాస్త్రి:
ఒప్పుకున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది నేను కూడా నేర్చుకోవాల్సిందే.

పాతపానా:
రెండు కాయిళ్లూ సెట్‌గా అమ్ముతారు, రెండూ మార్చండి. ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. ఈ రోజు ఒకటి పోతే ఇంకో నాలుగు నెలల్లో రెండోది.

మార్చడానికి గ్యాస్ పైపు విప్పనక్కర్లేదు. అది ముఖ్యం. కాయిళ్లు వాల్వ్ పైన బయట కూర్చుంటాయి, గ్యాస్ ఉన్న భాగాన్ని ఎక్కడా తెరవవు. అయినా ప్లగ్ పీకి, గ్యాస్ కుళాయి పైపుకు అడ్డంగా తిప్పి మూసేయండి. కాయిళ్ల మీద అడ్డపట్టీకి రెండు స్క్రూలుంటాయి. చోటు ఇరుకు కాబట్టి పొట్టి స్క్రూడ్రైవర్ కావాలి. పట్టీ తీశాక కాయిల్ పైకి లాగితే వచ్చేస్తుంది. మూడు కాళ్లది ఏ వైపు ఉందో ముందు ఫోటో తీసుకోండి. ఇగ్నైటర్ జోలికి పోకండి. అది సుద్దముక్కలాంటిది, స్పానర్ కాస్త తగిలినా విరుగుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో కాయిళ్లు మార్చడానికి వెళ్లి రెండు ఇగ్నైటర్లు విరగ్గొట్టాను, రెండోది మొదటిదాని బదులు తెచ్చింది.

ప్రొపేన్ప్రయాణం:
నాదో ప్రశ్న. కొత్త ఇంట్లోకి మారాం. ఇక్కడ సిలిండర్ గ్యాస్, ప్రొపేన్. పాత ఇంట్లో వాడిన డ్రయ్యరే తెచ్చి కనెక్ట్ చేయించాం. మంట పసుపుపచ్చగా, పొడుగ్గా వస్తోంది, బట్టల మీద నల్లటి మచ్చలు. గాలి రంధ్రం ఎక్కువ తెరిస్తే సరిపోతుందా?

మీటర్‌ముల్లు:
ఇప్పుడే ఆపేయండి. ఇది గాలి రంధ్రంతో సరిపోయే సంగతి కాదు. ప్రొపేన్ కోసం బర్నర్ నాజిల్ (గ్యాస్ చిమ్మే రంధ్రం ఉన్న ముక్క) మార్చారా? ఎవరూ మార్చకుండా పైపు మాత్రం బిగించి వెళ్లిపోయారనిపిస్తోంది.

సహజవాయువుకు వాల్వ్ నుంచి బర్నర్‌కు వచ్చే ఒత్తిడి మామూలుగా 3.5 అంగుళాల నీటిమట్టం (గ్యాస్ ఒత్తిడిని ఇలాగే కొలుస్తారు). ప్రొపేన్‌కు 10 నుంచి 11 అంగుళాలు. ఘనపుటడుగుకు సహజవాయువులో సుమారు 1000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటే ప్రొపేన్‌లో 2500. అందుకే ప్రొపేన్ నాజిల్ రంధ్రం చాలా చిన్నది. సహజవాయువు రంధ్రం గుండా ప్రొపేన్ పోతే బర్నర్‌లో పుట్టాల్సినదానికన్నా చాలా ఎక్కువ వేడి పుడుతుంది. అంత గ్యాస్‌కు సరిపడా గాలి అందదు. సరిగ్గా కాలని మంటే పసుపుపచ్చగా ఉంటుంది, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు.

మీ మోడల్‌కి తయారీదారు అమ్మే మార్పిడి కిట్ ఉంటుంది. నాజిల్, వాల్వ్ మీద రెగ్యులేటర్‌కు సంబంధించిన ముక్క, కొత్త గ్యాస్ రకం రాసిన స్టిక్కర్ ఉంటాయి. అది గ్యాస్ లైసెన్స్ ఉన్నవాళ్లతోనే చేయించండి, చివర్లో ఒత్తిడి గేజ్ పెట్టి చూపించమనండి. గేజ్ తేకుండా వచ్చినవాణ్ని గుమ్మం దగ్గర నుంచే పంపించేయండి.

ప్రొపేన్ప్రయాణం:
ప్లగ్ పీకేశాను, కుళాయి మూసేశాను. మూడు రోజులుగా తలనొప్పి అని మా అమ్మ అంటుంటే ఇల్లు మారిన అలసట అనుకున్నాం.

మీటర్‌ముల్లు:
అమ్మగారిని ఈ రోజే డాక్టరుకు చూపించండి, గ్యాస్ సంగతి ఆయనకు చెప్పండి. మీరంతా కూడా చూపించుకోండి. వాయిదా వేయకండి.

మోడరేటర్:
ప్రొపేన్ప్రయాణం గారూ, అమ్మగారి సంగతి చూసుకున్నాక మీ ప్రశ్నకు వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ ఇంకొందరు సాయం చేస్తారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేనివాళ్లు గ్యాస్ మెషీన్ వాడకండి. ఇది ఈ వేదిక పాత మాటే.

తడిబట్టలు:
ఐదు రోజుల తర్వాత వస్తున్నాను. కాయిళ్లు వచ్చాయి, మార్చాను. 25 నిమిషాల పని, అందులో పది నిమిషాలు సోఫా కిందకు దొర్లిన స్క్రూ కోసం. ఇగ్నైటర్ క్షేమం. వరసగా ఏడుసార్లు చూశాను, ఇగ్నైటర్ మెరిసిన ప్రతిసారీ మంట వచ్చింది. పాతపానా గారికి నమస్కారం.

కానీ. బట్టలు ఆరడానికి ఇంకా 80 నిమిషాలు పడుతోంది. మంట నిమిషం ఇరవై సెకన్లే ఉండి ఆరిపోతోంది, తర్వాత మూడు నాలుగు నిమిషాలు రాదు. అప్పుడు మళ్లీ నిమిషం. ఇదేం లెక్క?

సందేహాలరావు:
మంట గొట్టం మీద ఉన్న థర్మోస్టాట్ తొందరగా కట్ చేస్తోంది. మా బావమరిది దాని రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేశాడు. రెండేళ్లుగా బ్రహ్మాండంగా నడుస్తోంది.

పాతపానా:
రావు గారూ, ముందు బావమరిదికి ఫోన్ చేసి ఆ వైర్లు విప్పమనండి. ఆ తర్వాత మిగతా మాటలు.

అది హద్దు థర్మోస్టాట్. బర్నర్ దగ్గర వేడి హద్దు మీరినప్పుడు మంట ఆపడమే దాని ఉద్యోగం. గాలి ఆడకపోతే ఆ వేడి నేరుగా నూగు పేరుకున్న గొట్టం మీద పడుతుంది. గంటకు 20 వేల బీటీయూ పైచిలుకు మంట అది, వంట స్టవ్ మీది పెద్ద బర్నర్‌కన్నా ఎక్కువ. కాపలావాడు కేకలేస్తున్నాడని కాపలావాడి నోరు కట్టేశారు మీరు. దొంగ లోపలే ఉన్నాడు.

తడిబట్టలు గారూ, మీరు మొదటి రోజు "రెండు నిమిషాలు ఉండి ఆగిపోయింది" అని రాసినప్పుడే నేను పట్టుకోవాల్సింది. అంత త్వరగా ఆగకూడదు. కాయిల్ మోజులో పడి దాటేశాను, తప్పు నాది. మీకు రెండు జబ్బులున్నాయి, ఒకటి ఇంకోదాని వెనక దాక్కుంది. అసలు మంట త్వరగా ఆగే జబ్బే కాయిల్ జబ్బును తెచ్చి ఉంటుంది. మంట మాటిమాటికీ ఆగి వెలిగితే కాయిళ్లు అన్నిసార్లు పనిచేయాలి, ఆ చుట్టుపక్కల వేడి కూడా ఎక్కువ.

ఇప్పుడు తేల్చాల్సింది, మంటను ఆపుతున్నది ఎవరు? బట్టల నుంచి బయటికి పోయే గాలి దారిలో ఒక థర్మోస్టాట్ ఉంటుంది, అది ఆపితే మంచిదే, డ్రమ్ వేడెక్కిందని అర్థం. మంట గొట్టం మీద ఉన్న హద్దు థర్మోస్టాట్ ఆపితే చెడ్డది, వేడి డ్రమ్‌లోకి పోకుండా అక్కడే కూడబడుతోందని అర్థం. మంట ఆరిన క్షణంలో బయట గోడ దగ్గర వెంట్ మూతి నుంచి వచ్చే గాలి ఎలా ఉందో చూడండి. చెయ్యి కాలేంత వేడిగా ఉందా, గోరువెచ్చగానా? మూత రెక్క ఎంత లేస్తోంది?

వైర్లశాస్త్రి:
వెంట్ పైపు వెనక ఊడదీసి ఓసారి నడిపి చూస్తే సరిపోదా? మంట నిలిస్తే పైపులోనే అడ్డు అని తేలిపోతుంది.

మీటర్‌ముల్లు:
కరెంటు డ్రయ్యర్ అయితే ఒప్పుకునేదాన్ని. గ్యాస్‌ది అలా నడిపితే బర్నర్ పొగ మొత్తం గదిలోకే వస్తుంది. మెకానిక్‌లు కిటికీలు తెరిచి నిమిషం సేపు చేస్తారు, నిజమే. ఇంట్లోవాళ్లకు నేను చెప్పను. మూతి దగ్గర చెయ్యి పెడితే అదే జవాబు వస్తుంది.

తడిబట్టలు:
మూత రెక్క వేలెడంత కూడా లేవడం లేదు. గాలి గోరువెచ్చగా, నీరసంగా ఉంది. నూగు జల్లెడ రోజూ శుభ్రం చేస్తున్నానే!

పాతపానా:
జల్లెడ పట్టేది పట్టినంత. మిగతాది తొమ్మిదేళ్లుగా పైపులోకే పోయింది. డ్రయ్యర్ ముందుకు లాగి పైపు చూడండి. లాగేటప్పుడు గ్యాస్ గొట్టం బిగుసుకోకుండా చూసుకోండి, అవసరమైతే ఇద్దరు పట్టండి.

తడిబట్టలు:
ఏం చెప్పమంటారు. వెనక ముడతల రేకు పైపు మెషీన్‌కీ గోడకీ మధ్య నలిగి చపాతీలా అయిపోయింది. మెషీన్‌ని గోడకు మరీ ఆనించింది నేనే, చోటు కలిసొస్తుందని. దాని పైన మలుపు దగ్గర చెయ్యి పెడితే పిల్లి అంత నూగు ఉండ వచ్చింది. నిజంగానే మా పాప పిల్లి అనుకుని భయపడింది. గోడలో పైపుకు పొడుగు బ్రష్ పెట్టి తోస్తే బయట మూతి నుంచి ఇంకో దోసెడు రాలింది.

మీటర్‌ముల్లు:
ముడతల పైపు తిరిగి పెట్టకండి. లోపల నున్నగా ఉండే 4 అంగుళాల గట్టి లోహపు గొట్టం పెట్టండి. వెనక చోటు తక్కువైతే చదునుగా ఉండే గొట్టాలు దొరుకుతాయి. అతుకులకు స్క్రూలు లోపలికి పొడుచుకొచ్చేలా పెట్టొద్దు, నూగు వాటికే చిక్కుకుంటుంది. అల్యూమినియం రేకు టేపు చాలు. మొత్తం పొడవు ఎంత?

తడిబట్టలు:
దాదాపు 18 అడుగులు, రెండు మలుపులు.

మీటర్‌ముల్లు:
పర్వాలేదు. అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్‌లో మామూలు హద్దు 35 అడుగులు, 90 డిగ్రీల మామూలు మలుపు ఒక్కోదానికి 5 అడుగులు తగ్గించాలి. మీకు 25 దాకా చోటుంది.

తడిబట్టలు:
గట్టి గొట్టం బిగించాను. మెషీన్ కింద, మోటార్ చుట్టూ, బర్నర్ గొట్టం వెనక ఉన్న నూగంతా వాక్యూమ్‌తో లాగాను. ఇప్పుడు బయట మూత రెక్క బల్లపరుపుగా లేస్తోంది. మొదటి మంట ఐదున్నర నిమిషాలు నిలిచింది. జీన్స్ 45 నిమిషాల్లో ఆరాయి.

ఒక్క చిన్న అనుమానం. మంట అంటుకునేటప్పుడు 'బుఫ్' అని చిన్న శబ్దం వస్తోంది. ఇదివరకు లేదు, లేదా నేను గమనించలేదు. మంట చివర్లో అప్పుడప్పుడు కాస్త పసుపు కనిపిస్తోంది.

పాతపానా:
చివర్లో కాస్త పసుపు మెరవడం మామూలే, గాల్లో దుమ్ము కాలినా అలాగే ఉంటుంది. మంట మొదలు నీలంగా, నిలకడగా ఉండాలి. గర్జిస్తూ బర్నర్ మూతి నుంచి ఎగిరిపోతున్నట్టుంటే గాలి ఎక్కువ, మెత్తగా పసుపుపచ్చగా ఊగుతుంటే గాలి తక్కువ.

'బుఫ్' మాత్రం తేల్చండి. గ్యాస్ వచ్చాక వెంటనే అంటుకోకుండా అర సెకను ఆగి అంటుకుంటే పోగుపడ్డ గ్యాస్ ఒక్కసారిగా మండుతుంది, ఆ శబ్దం. మీరు వాక్యూమ్ పెట్టినప్పుడు ఇగ్నైటర్ బ్రాకెట్ పక్కకు జరిగిందేమో చూడండి. లేదా రేగిన నూగు బర్నర్ గాలి కిటికీకి అతుక్కుని ఉంటుంది. అంతా చల్లారాక, ప్లగ్ పీకి, టార్చి వేసి చూడండి.

తడిబట్టలు:
గాలి కిటికీ మీద నూగు తెరలా పరుచుకుని ఉంది. మెత్తటి బ్రష్‌తో తీసేశాను. ఇగ్నైటర్ కదల్లేదు. ఇప్పుడు శబ్దం లేదు, టక్‌మన్న వెంటనే మంట. పసుపు కూడా దాదాపు పోయింది.

నీలిమంట:
మాదీ బాగైంది! సెన్సరే. ఇగ్నైటర్ 40 సెకన్లకు ఆరింది, మంట వచ్చింది. మూత రెక్క కూడా చూశాను, బయట పక్షి గూడు కట్టుకుంది. గుడ్లు లేవు, ఖాళీ గూడే.

సందేహాలరావు:
బావమరిది వైర్లు విప్పాడు. విప్పాక మంట నిమిషానికే ఆగిపోతోందట. వెనక పైపు చూడమని చెప్పాను.

ప్రొపేన్ప్రయాణం:
అమ్మ బాగుంది. ఆ రోజే ఆక్సిజన్ పెట్టారు, సాయంత్రానికి తలనొప్పి పోయింది. కిట్ బిగించడానికి రేపు మనిషి వస్తున్నాడు. గేజ్ తెస్తావా అని ఫోన్‌లోనే అడిగాను, తెస్తానన్నాడు. రెండు అలారాలు పెట్టాం.

తడిబట్టలు:
మోడరేటర్ గారూ, శీర్షికలో 'పరిష్కారమైంది' అని చేర్చగలరా? వీలైతే 'వెంట్ పైపు చూడండి' అని కూడా.

మోడరేటర్:
చేర్చాను. రావు గారి బావమరిది సంగతి తేలేదాకా థ్రెడ్ తెరిచే ఉంచుతున్నాను.